సీదా మాట

వీసా ఏజెంటు రవీంద్ర ఆఫీసులో గోడకు నాలుగు దేశాల జెండాలు, పైన ఒక ఫ్యాను ఉన్నాయి. కింద బమ్రోలి రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా జెండాలు ఊగుతాయి. ఫ్యాను మాత్రం ఇంతవరకు ఏ లారీకీ చలించలేదు.

ఉమాకాంత్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రవీంద్ర పెదాల వైపు చూస్తున్నాడు. మీసాలు మొలవక ముందు నుంచి సూరత్‌లోని పాండేసరాలో మరమగ్గాలు నడుపుతున్న మనిషి. ఎవరు మాట్లాడినా పెదాల వైపే చూస్తాడు. కళ్ళల్లోకి చూస్తూ మాట్లాడేవాళ్ళు అతని లెక్కలో పోలీసులు, లేదంటే పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు.

"వీసా సంగతేంది బామ్మర్దీ?"

"వస్తది బావా."

"ఎప్పుడొస్తది?"

"వచ్చినప్పుడు."

చలికాలం నుంచీ ఇదే జవాబు. వెళ్ళాల్సిన దేశం పేరు పలకడం షెడ్డులో ఎవరికీ చేతకాక అందరూ చలి దేశం అంటున్నారు. అక్కడ తువ్వాళ్ళు నేసే మిల్లు ఒకటి ఉంది. తెగిన పోగును ఉమాకాంత్ ముడివేస్తుండగా తీసిన వీడియో చూసి ఆ మిల్లువాళ్ళు ఉద్యోగం ఖాయం చేశారు. వీడియోలో అతని ముఖం లేదు, వేళ్ళే ఉన్నాయి. ఉద్యోగం వేళ్ళకొచ్చిందనీ, మిగతా మనిషికి వీసా కావాలనీ షెడ్డులో రాజలింగం మాస్టర్ అంటుంటాడు. ఈ నెలాఖరు దాటితే వేరే వేళ్ళు చూసుకుంటామని మిల్లు నుంచి కబురొచ్చింది. అందుకే ఆదివారం పూట కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

హారతి కాలేజీలో బీకాం చదువుతోంది. సూరత్‌లోనే పుట్టింది. మూడు భాషల్లో పోట్లాడగలదు.

"మామా, ఆ ఆఫీసోళ్ళ ఈమెయిల్ ఇయ్యి. నేనే అడుగుత," అంది.

రవీంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. బంధువుల్లో ఎవరో పోయారని విన్నట్టు ముఖం పెట్టాడు.

"సీదా మాట్లాడ్తవా? వీసా ఆఫీసోళ్ళతోని?"

"ఏమైతది?"

"ఏమైతదా? మీ పప్పాను అడుగు. బావా, నువ్వు సేటుతోని ఎన్నడన్న సీదా మాట్లాడినవా?"

ఉమాకాంత్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"చెప్పు మరి. మాస్టర్‌కు చెప్తవు, మాస్టర్ సేటుకు చెప్తడు. సేటు మాస్టర్‌కు చెప్తడు, మాస్టర్ నీకు చెప్తడు. గిదే తరీఖా. నేను నీ మాస్టర్ను. ఫారంల నా నంబర్, నా ఈమెయిల్ ఎందుకు పెట్టిన? వాళ్ళు నాతోనే మాట్లాడాలె. నడుమల నువ్వు దూరితే వాళ్ళకు కోపమొస్తది, ఫైలు కిందికి పోతది."

ఉమాకాంత్‌కు ఈ వాదనలో ఎక్కడా తప్పు కనిపించలేదు. షెడ్డులో యజమాని సేటు గది పైన ఉంటుంది, అద్దాలతో. సేటు ఎప్పుడైనా కిందికి దిగి మగ్గాల మోత మధ్య నిలబడి ఏదో అంటే పనివాడు తలూపాలి. ఏమన్నాడో తర్వాత మాస్టర్ చెప్తాడు. ఒకసారి సేటు లస్మయ్యను పనిలోంచి తీసేశాడు. లస్మయ్య వినయంగా తలూపాడు. ఆ మాట చెప్పడం మాస్టర్ మరిచిపోయాడు. లస్మయ్య ఇప్పటికీ పనిచేస్తున్నాడు, పోయిన దీపావళికి మిఠాయి డబ్బా కూడా అందుకున్నాడు.

"సరే బామ్మర్దీ," అని లేచాడు ఉమాకాంత్.

హారతి లేవలేదు. రవీంద్ర బల్ల మీద తండ్రి ఫైలు ఉంది. అట్ట మీద దరఖాస్తు నంబరు ఉంది. రవీంద్ర టీ కోసం కిటికీలోంచి కింద ఉన్న హోటలువాడికి వేళ్ళు చూపిస్తుండగా ఆమె దాన్ని ఫోనుతో ఫొటో తీసుకుంది.

వాళ్ళుండే గల్లీలో సాయంత్రం ప్రతి ఇంట్లోనూ టీవీ మోగుతుంది. ఒక ఇంటి సీరియల్‌లో అత్త తిడితే మూడిళ్ళ అవతల కోడలు ఉలిక్కిపడుతుంది. కుక్కర్ కూతలు ఎవరూ లెక్కపెట్టరు, ఆవిరి చూసి దించుతారు. గుసగుసలాడాలనుకునేవాళ్ళు ఊరవతల కిమ్ దాకా బస్సెక్కి వెళ్ళిరావడం మంచిది. ఎందుకంటే ఇక్కడ చెవిలో చెప్పిన రహస్యం కూడా ఎదురింటివాళ్ళకు అర్థమయ్యేంత గట్టిగా చెప్పాల్సి వస్తుంది. అందరూ ఇలాగే బతుకుతారని గల్లీవాళ్ళ నమ్మకం.

పద్మారాణి గడప దగ్గర కూర్చుని చీరల వెనుక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. కత్తిరించినవి ఒడిలో పోగవుతున్నాయి. ఉమాకాంత్ పక్కన కూర్చుని చీర కొంగు పట్టుకుని లాగి సాయం చేస్తున్నాడు.

హారతి ఫోనులో వీసా ఆఫీసు వెబ్‌సైట్ తెరిచి ఆ నంబరు కొట్టి చూసింది. చూసి, తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"పప్పా, వాళ్ళేదో అడిగిన్రంట నిన్ను. జవాబు కోసం ఆగి ఉన్నం అని రాసిన్రు. ఎప్పటిదో."

"నన్ను అడగలే."

"నిన్నే. అంటే, రవీంద్ర మామను. ఆయన నీకు చెప్పలే."

"ఏమడిగిన్రు?"

"అది రాయలే ఇండ్ల. అడిగితే చెప్తరు."

పద్మారాణి కత్తెర ఆపింది. "మా తమ్ముడు చెప్పలేదంటే ఏదో కారణముంటది."

"మమ్మీ, నెలాఖరు వస్తుంది. కారణం గురించి చలి దేశంల ఎవ్వరు అడగరు."

"సీదా మాట్లాడితే కోపమొస్తదన్నడు గద," అన్నాడు ఉమాకాంత్.

"సేటుకు వస్తది. వీళ్ళు సేట్లు కాదు, నౌకరీ చేసేటోళ్ళే. పొద్దుగాల వచ్చి సాయంత్రం ఇంటికి పోతరు."

ఉమాకాంత్ చీర అంచు వైపు చూశాడు. ఒక దారం మిగిలిపోయి ఉంది. దాన్ని పంటితో తెంపాడు.

"రాయి," అన్నాడు.

హారతి తండ్రి పేరు మీద కొత్త ఈమెయిల్ తెరిచి, ఇక నుంచి తననే అడగమని నాలుగు ముక్కలు రాసి, అతని ఫోను నంబరు పెట్టి, వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రసుకు పంపింది. గల్లీలో ఆకాశం విరిగి పడలేదు. విరిగినా టీవీలో అనుకునేవాళ్ళు.

మర్నాడు సాయంత్రానికల్లా జవాబొచ్చింది. మంగళవారం ఒక అధికారి ఫోన్ చేస్తారనీ, హిందీలోనే మాట్లాడతారనీ, దరఖాస్తుదారు స్వయంగా మాట్లాడాలనీ అందులో ఉంది. ఉమాకాంత్ మంగళవారం ఉతికిన చొక్కా వేసుకుని షెడ్డుకు వెళ్ళాడు. ఫోనులో చొక్కా కనబడదని పద్మారాణి అంది. సర్కారు మనుషుల సంగతి మనకేం తెలుసన్నాడు.

షెడ్డులో పిడుగు పడితే ఎవడో డబ్బా కింద పడేశాడనుకుంటారు. మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదాలకు ఆనిస్తే టీ అని. తలపై పగిడీలా చెయ్యి తిప్పితే సేటు వస్తున్నాడని. ఇవి చాలని చోట పెదాలు చూసుకుంటారు. పక్క వరసలో ఒడియావాళ్ళు ఒడియాలో తిడితే తెలుగువాళ్ళకు తెలుగులోనే అర్థమవుతుంది.

జేబులో ఫోను అదిరింది. ఉమాకాంత్ తన మగ్గాలను పక్కవాడికి చూపించి బయటికి పరిగెత్తాడు. గేటు దాటి, కరెంటు స్తంభం పక్కన నిలబడి, ఫోను చెవికి ఆనించాడు.

"హా జీ సార్," అన్నాడు.

అవతల ఎవరో మాట్లాడుతున్నారు. మాట్లాడుతున్నారన్నది తెలుస్తోంది. మూత పెట్టిన బిందెలో తుమ్మెద తిరుగుతున్నట్టు ఒక ధ్వని వస్తోంది. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. మధ్యలో తన పేరు వచ్చినట్టనిపించింది. చూడటానికి పెదాలు లేవు. కరెంటు స్తంభం ఉంది. స్తంభం వైపు చూస్తూ తలూపాడు.

"హా జీ సార్."

తుమ్మెద ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి కొంచెం పొడుగ్గా.

"హా జీ. హా జీ సార్."

ధ్వని ఆగినప్పుడల్లా ఒప్పుకున్నాడు. కొన్నిటికి వెంటనే, కొన్నిటికి ఆలోచించి. ఒకదానికి నవ్వు కూడా జతచేశాడు, ఆ ధ్వని స్నేహంగా అనిపించి. చివరికి తుమ్మెద రెండుసార్లు పొట్టిగా మోగి పోయింది. ఫోను చూసుకుంటే అవతల పెట్టేశారు. ఉమాకాంత్ చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళాడు. మనసు తేలికగా ఉంది. కోపం చేస్తారన్నాడు రవీంద్ర. ఒక్కసారి కూడా కసరలేదు.

రాత్రి అన్నం ముందు హారతి అడిగింది.

"ఏమన్నడు పప్పా?"

"మంచిగ మాట్లాడిండు."

"ఏం మాట్లాడిండు?"

"మస్తు మంచిగ."

"అదే, ఏమని?"

ఉమాకాంత్ పప్పు కలుపుకుంటూ ఆలోచించాడు. "అన్నిటికి సరే అన్న," అన్నాడు.

బుధవారం హారతి కాలేజీ నుంచి సరాసరి షెడ్డుకే వచ్చింది. ఎప్పుడూ రాదు. గేటు దగ్గర నిలబడి, తండ్రి బయటికి వచ్చేదాకా ఫోను చేతిలో పట్టుకుని ఉంది. వచ్చాక ఈమెయిల్ చదివి చెప్పింది. నిదానంగా, ముఖం అతని వైపే పెట్టి.

అధికారి అతన్ని అడిగినవన్నీ అందులో ఉన్నాయి. మీ ఏజెంటుకు మీ తరఫున మాట్లాడే హక్కు ఇక వద్దంటున్నారా అని అడిగారు. అవునన్నాడు. అలాగైతే ఈ దరఖాస్తును వెనక్కి తీసుకుని, మీరే సొంతంగా కొత్తది పెట్టుకోవచ్చు, లేదా దీన్నే కొనసాగించవచ్చు, వెనక్కి తీసుకుంటారా అని అడిగారు. అవునన్నాడు. ఆలోచించుకునేందుకు సమయం ఇమ్మంటారా అంటే కూడా అవునన్నాడు. అయితే ఇప్పుడే ముగించమంటారా అని మళ్ళీ అడిగితే దానికీ అవునన్నాడు, నవ్వుతూ. దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టు నమోదు చేశారు. ఇందులో ఏదైనా పొరపాటుంటే శుక్రవారం మధ్యాహ్నంలోగా ముంబై ఆఫీసుకు స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చన్నారు.

"నువ్వు గివన్నిటికి సరే అన్నవా?"

"ఆయన ఏదో అంటుండె. నేను సరే అంటున్న."

"ఏమంటున్నడో వినకుండనా?"

ఉమాకాంత్‌ను ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది.

ఇద్దరూ రవీంద్ర ఆఫీసు మెట్లెక్కారు. రవీంద్ర అప్పటికే ఒక ఈమెయిల్ చూసుకుని ఉన్నాడు, తనకిక హక్కు లేదని. అతనికి కోపం రాలేదు. కోపం కన్నా ఎక్కువదేదో వచ్చి వెళ్ళిపోయినట్టున్నాడు.

"చెప్పిన గద బావా. సీదా మాట్లాడొద్దని."

"వాళ్ళేదో అడిగిన్రంట గద. నాకెందుకు చెప్పలేదు?"

రవీంద్ర హారతి వైపు చూసి, మళ్ళీ ఉమాకాంత్ వైపు చూశాడు. బల్ల మీదికి వంగాడు.

"చెవుల పరీక్ష."

"ఏంది?"

"చెవుల పరీక్ష అడిగిన్రు. మిల్లుల సైరన్ మోగితే నీకు వినవడాలె గద. డాక్టరు దగ్గర చెవులు చూపించి కాగితం పంపుమన్నరు. పంపితే ఏం రాస్తడు డాక్టరు?"

"ఏం రాస్తడు?"

"బావా, నీకు వినవడదు."

ఉమాకాంత్ అతని పెదాల వైపే చూస్తున్నాడు. మాట స్పష్టంగానే అందింది.

"నాకు వినవడదా? మరిప్పుడు నువ్వన్నది విన్న గద."

"చూసినవు. వినలే." రవీంద్ర అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళు కదిలాయి, గొంతు కదిలింది. చెయ్యి తీశాడు. "ఇప్పుడేమన్న?"

ఉమాకాంత్ తలూపబోయి మానుకున్నాడు.

"ఇంతకుముందు గూడ వాళ్ళు నీకని ఫోన్ చేసిన్రు," అన్నాడు రవీంద్ర. "నేనే ఉమాకాంత్ అని మాట్లాడిన. నీ పుట్టిన తారీఖు నాకు నోటికొస్తది. నా పెండ్లాందే రాదు."

"పరీక్ష సంగతి మరి?" అంది హారతి.

"అదే చూస్తున్న బిడ్డా. వేరే చెవులు దొరకాలె. మీ పప్పా లెక్క గింత వయసు మొగోడు, మంచిగ వినవడేటోడు, ఒక్క పూట డాక్టరు దగ్గర కూసుంటే చాలు. చలికాలం సంది దేవులాడ్తున్న. బమ్రోలిల ఒక్కడు లేడు. అందరూ సాంచెల మీద మగ్గాలు నడిపేటోళ్ళేనాయె. ఆఖరికి ఇచ్ఛాపూర్ దాక పోయిన. ఫ్యాక్టరీల ఒకాయన దొరికిండు. మాట్లాడుకొని దగ్గరికి పోతే ఆయనకు ఎడమది లేదు."

అతను చెప్పేది పచ్చి నిజమని ముఖం చూస్తే తెలుస్తోంది. అన్ని రోజులు అతను పని చేయలేదనడానికి లేదు.

"పోనీ బావా. కొత్తది పెడదాం. వచ్చే సంవత్సరం. అప్పటికి చెవులు దొరుకుతయి."

"మిల్లు అప్పటిదాక ఆగుతదా?"

కింద లారీ వెళ్ళింది. జెండాలు ఊగాయి.

ఇంటికి వచ్చాక ఉమాకాంత్ కాళ్ళు కడుక్కుని గడప దగ్గర కూర్చున్నాడు. పద్మారాణి ఒడిలో చీర ఉంది. సంగతంతా హారతి చెప్పింది. పద్మారాణి తలెత్తలేదు.

"అటు తిరుగు జర," అన్నాడు ఉమాకాంత్.

"ఎందుకు?"

"తిరుగు. తిరిగి ఏమన్న అను."

ఆమె గోడ వైపు తిరిగింది. జడ మీద, భుజాల మీద దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. భుజాలు కొంచెం కదిలాయి. గాజులు సర్దుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఇటు తిరిగింది.

"ఏమన్నవు?"

"రోజు అనేదే."

అతను చేతుల వైపు చూసుకున్నాడు. "నీకు ఎప్పుడు తెల్సింది?"

"నాకు గూడ జర తక్కువనే వినవడ్తది. నువ్వు గట్టిగ మాట్లాడ్తవు గద, మంచిగనే ఉండె." కత్తెర తీసుకుంది. "గల్లీల ఎవరికి వినవడ్తది? కొమురవ్వ ఇంటికి దొంగ వచ్చి పెట్టె తాళం పగలగొట్టి, బీరువా జరిపి, పోయేటప్పుడు మూకుడు తన్నేసి పోయిండు. ఆమె పొద్దుగాల లేచి చాయ్ పెట్టుకున్నది."

హారతి మంచం అంచున కూర్చుంది. ఆమెకు అన్నీ వినపడతాయి. అందుకే ఇంట్లో టీవీ ఆమె ఎప్పుడూ చూడదు.

"శుక్రవారం పోతే?" అన్నాడు ఉమాకాంత్.

"పోతే చెప్పొచ్చు. ఫోన్‌ల వినవడలే, అందుకే అన్నిటికి సరే అన్న, దరఖాస్తు వాపస్ తీసుకోలే అని."

"వినవడలే అని నేనే చెప్తే, చెవుల పరీక్ష అక్కడనే అయిపాయె."

"అయితది కావచ్చు. కాకపోవచ్చు. చెవికి మిషన్ పెట్టుకుంటె నడుస్తదేమో. నాకు తెల్వదు పప్పా. రవీంద్ర మామకు అసలే తెల్వదు. ఆయన చెవులు దేవులాడిండు గని ఒక్కసారన్న అడగలే."

"ఎవరిని?"

"వాళ్ళనే."

పద్మారాణి దారం కత్తిరించింది. "చుట్టి చూడాలె మరి," అంది. చుట్టీ అంటే సెలవు. షెడ్డులో వారం మధ్యలో సెలవన్నది పెద్దగా ఎవరికీ అనుభవం లేని విషయం.

గురువారం ఉదయం మగ్గాలు నూనె వేసుకుని మొదలయ్యాయి. రాజలింగం మాస్టర్ పాత కాలం మనిషి, తెలుగువాళ్ళందరినీ ఈ షెడ్డులోకి తెచ్చింది ఆయనే. ఆయన ముందు నిలబడి ఉమాకాంత్ ఒక్కొక్క మాట పెదాలతో చెప్పాడు. రేపు. ముంబై. చుట్టి.

రాజలింగం బొటనవేలు పైకి తిప్పి అద్దాల గది చూపించాడు. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అంటే, నేను అడుగుతానని. తర్వాత అరచేయి కిందికి రెండుసార్లు ఊపాడు. అంటే, నిదానంగా, శనివారం చూద్దామని.

ఉమాకాంత్ తలూపాడు. తన మగ్గాల దగ్గరికి వెళ్ళాడు. ఒక పోగు తెగితే ముడివేశాడు. ఇంకోటి తెగింది. మగ్గం ఆపి, ముడివేసి, మళ్ళీ నడిపించలేదు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. రాజలింగం ముందు నుంచే నడిచి ఇనుప మెట్లెక్కాడు. ఎన్నడూ ఎక్కని మెట్లు. అవి అంత నున్నగా ఉంటాయని అనుకోలేదు. షెడ్డులో ఉన్న ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ చేతులాపి చూశారు. ఎవరూ ఏ సంజ్ఞా చేయలేదు. దీనికి సంజ్ఞ లేదు.

అద్దం తలుపు వెనక చల్లగా ఉంది. సేటు నోట్లో వక్క పొగాకు కలిపిన మావా నములుతూ ఫోను చూసుకుంటున్నాడు. ఉమాకాంత్ హిందీలో చెప్పాడు, రేపు ముంబై వెళ్ళాలని, వీసా పని అని, చుట్టీ కావాలని. ఎప్పటిలాగే గట్టిగా చెప్పాడు. సేటు చేతిలో ఫోను కొంచెం ఎగిరింది.

సేటు తలెత్తి చూసి, నములుతూనే ఏదో అన్నాడు. నిండుగా ఉన్న దవడలో పెదాలు పక్కకు పోయాయి. ఉమాకాంత్‌కు ఒక్క అక్షరం అందలేదు. మెడ దానంతటదే కిందికి కదలబోయింది. దాన్ని అక్కడే ఆపాడు.

"వినవడలేదు సేట్," అన్నాడు హిందీలో. "మల్ల చెప్పండి."

సేటు నమలడం ఆపాడు. షెడ్డు కట్టినప్పటి నుంచీ కింద పనిచేసేవాడెవడూ అతన్ని ఈ మాట అడగలేదు. వంగి చెత్తబుట్టలో ఉమ్మాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. తుడుచుకున్న మూతితో, ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు. వెళ్ళేవాడివి వెళ్ళు. రేపు పొద్దున నీ మగ్గాలు ఇంకొకడికి ఇచ్చేస్తాను. వీసా రాకపోయినా ఇక్కడికి రాకు.

ఈసారి ప్రతి మాటా అందింది. అప్పుడు ఉమాకాంత్ తలూపాడు.

మెట్లు దిగేసరికి రాజలింగం కింద కాచుకుని ఉన్నాడు. ఇన్నేళ్ళ మాస్టరీలో మొదటిసారి ఆయనే చెయ్యి తిప్పి అడిగాడు, సేటు ఏమన్నాడని.

"పొమ్మన్నడు. మల్ల రావొద్దన్నడు," అన్నాడు ఉమాకాంత్, మగ్గాల మోతలో, అప్పటికే మొహం గేటు వైపు తిప్పి.

రాజలింగం తలూపాడు.